చెక్ బౌన్స్ నుంచి ఛార్జ్‌బ్యాక్ దాకా

2023 దసరా అయిన వారం, ఆదివారం పొద్దున. నాచారంలో మా ఇంట్లో నేనూ నాన్నా ఉప్మా తింటుంటే అన్న వచ్చాడు. అన్న అంటే మా బాబాయి కొడుకు. పగలు ఉప్పల్‌లో టెస్టింగ్ ఉద్యోగం, పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఆన్‌లైన్‌లో సెలీనియం ట్రైనింగ్. మనకి ఆరున్నర అంటే అప్పటికి న్యూజెర్సీలో ముందురోజు రాత్రి తొమ్మిది. అక్కడ ఉద్యోగం వెతుక్కునే మనవాళ్ళే స్టూడెంట్లు. వచ్చేటప్పటికే మొహం మాడిపోయి ఉంది.

"పెదనాన్నా, నాలుగొందల యాభై డాలర్లు వెనక్కి తీస్కున్నరు."

"ఎవరు?"

"బ్యాంకోళ్ళు."

"చెక్కు బౌన్సయిందా?"

"చెక్కు కాదు, కార్డు. జులైల వచ్చిన పైసలు."

నాన్న స్పూను కింద పెట్టేశారు. "జులైల వచ్చిన డబ్బు దసరాకి ఎట్ల పోతదిరా? ఒకసారి క్లియర్ అయినంక అయిపోయినట్టే కద!"

ఆ ప్రశ్నకి మేమిద్దరం ఇంజినీరింగ్ చదివినవాళ్ళం కూడా సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. "ఛార్జ్‌బ్యాక్ అంటారు నాన్నా" అన్నాను. పేరు చెప్పడం జవాబు కాదు కదా :) ఆ తర్వాత తీరిక దొరికినప్పుడల్లా ఈ సంగతి తవ్వుతూ వచ్చాను. ఆ తవ్వకంలో దొరికిందే ఈ టపా.

ముందు నాన్న అంత ఆశ్చర్యపోవడానికి కారణం చెప్పాలి. ఆయన ఇరవై ఏళ్ళకి పైగా ఐడీఏ నాచారంలో ఒక చిన్న మెషిన్ షాపులో అకౌంట్స్ చూశారు. నాలుగు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిను, పదిహేను మంది మనుషులు. పెద్ద కంపెనీలకి విడి భాగాలు చేసిపెట్టే పని. మాల్ ఇవాళ వెళ్తుంది, డబ్బు తొంభై రోజులకి వస్తుంది. ఆ తొంభై రోజులకి హామీ ఏమిటంటే ముందు తేదీ వేసి ఇచ్చిన చెక్కు. నాచారం, మల్లాపూర్, ఉప్పల్, చర్లపల్లి... ఈ చుట్టుపక్కల ఇండస్ట్రియల్ ఏరియాల్లో చిన్న యూనిట్లన్నీ ఆ కాగితం ముక్కల మీదే నడిచాయంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. నా చిన్నప్పుడు నాన్న బీరువాలో రబ్బరు బ్యాండు వేసిన చెక్కుల కట్ట ఉండేది, తేదీల వరసలో. పండగ తేదీల కంటే ఆ తేదీలే ఆయనకి బాగా గుర్తు.

చెక్కు బౌన్సయితే? 1989 ఏప్రిల్ 1 ముందు దానికంటూ ప్రత్యేకంగా నేరం లేదు. మోసం కేసు పెట్టి, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని రుజువు చేయాలి, లేదా సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి. ఆ రోజు నుంచి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షను అమల్లోకి వచ్చింది. ఖాతాలో డబ్బు లేక చెక్కు వెనక్కొస్తే నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజుల్లో కట్టకపోతే నేరం. మొదట ఏడాది దాకా జైలు అన్నారు, 2002 సవరణతో రెండేళ్ళు చేశారు. చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా. నాన్నవాళ్ళు దీన్ని సెక్షను అని కూడా అనరు. "నూటముప్పై ఎనిమిది ఏస్తా" అంటే చాలు, అవతలివాడు ఫోనెత్తుతాడు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. మన చట్టం అమ్మినవాడి పక్షం తీసుకుంది. సరుకు ఇచ్చి డబ్బు రాని మనిషిని బాధితుడిగా చూసింది. అట్లాగని బాధితుడికి న్యాయం జరిగిపోయిందని కాదు. 2019 ఆఖరుకి దేశంలో పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు ఈ చెక్కు కేసులేనని సుప్రీంకోర్టే రాసుకుంది. 2014 ఆగస్టులో ఇంకో మెలిక పడింది. చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఎక్కడుంటే ఆ ఊరి కోర్టులోనే కేసు వేయాలని సుప్రీంకోర్టు తీర్పు. నాన్నవాళ్ళ యూనిట్ ఇక్కడ వేసిన ఒక కేసు అట్లా మహారాష్ట్రకి పోవాల్సి వచ్చింది. రైలు ఖర్చు, లాయరు ఖర్చు లెక్కేసి ఓనరుగారు ఆ ఫైలుకి దండం పెట్టేశారు. 2015లో చట్టం మార్చి డబ్బు రావాల్సినవాడి బ్యాంకు ఉన్నచోటే వేసుకోవచ్చన్నారు కానీ అప్పటికి ఆయనకి ఓపిక పోయింది.

ఎంత నత్తనడక అయినా ఆ లోకంలో ఒక నియమం మాత్రం గట్టిది. చెక్కు క్లియర్ అయిందంటే డబ్బు నీది. సరుకు బాగాలేదని కొన్నవాడు అరవచ్చు, తర్వాతి ఆర్డరు ఆపేయొచ్చు, కోర్టుకి పోవచ్చు. అంతేగాని నీ ఖాతాలోంచి తిరిగి లాక్కోలేడు.

అన్నట్టు, ఒకరి మొహం ఒకరు చూడకుండా అమ్ముకోవడం మన తరంతో మొదలైందేం కాదు. మన తపాలా శాఖ వీపీపీ మొదలుపెట్టింది 1877లో. కొన్నవాడు ఊళ్ళో పోస్ట్‌మ్యాన్‌కి డబ్బు కడితేనే పార్సిల్ చేతికొస్తుంది, ఆ డబ్బు అమ్మినవాడికి మనియార్డరుగా వెళ్తుంది. మందులూ పుస్తకాలూ వాచీలూ అట్లా పల్లెటూళ్ళకి చేరాయి. కొన్నవాడు తీసుకోనంటే పార్సిల్ తిరుగు టపాలో వస్తుంది, పోనూ రానూ ఖర్చు అమ్మినవాడికి. విప్పి చూస్తే రాయి ఉంటే ఆ నష్టం కొన్నవాడికి. నష్టం ఎవరిదనేది గుమ్మం దగ్గరే, ఆ నిమిషంలోనే తేలిపోయేది. నూటతొమ్మిదో రోజున ఈమెయిల్ వచ్చేది కాదు.

ఇక అన్నకి వచ్చిన ఈమెయిల్ సంగతి. దాని పుట్టిల్లు అమెరికా.

1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో అనే ఊళ్ళో 60 వేల క్రెడిట్ కార్డుల్ని ఎవరూ అడక్కుండానే పోస్టులో పంపేసింది. బ్యాంక్‌అమెరికార్డ్ దాని పేరు, 1976లో వీసా అయింది. బాకీలు 4 శాతం దాకా ఆలస్యం కావచ్చని బ్యాంకు అంచనా వేసుకుంటే 22 శాతం అయ్యాయి. దొంగ కార్డులు, పోస్టు డబ్బాల్లోంచి కొట్టేసిన కార్డులు. అయినా వ్యాపారం పెరిగింది, మిగతా బ్యాంకులూ అదే పని చేశాయి. చివరికి 1970లో అమెరికా కాంగ్రెసు అడగని కార్డు పంపకూడదని చట్టం చేసింది. కార్డు పోయి ఎవరో వాడేస్తే కార్డుదారుడు భరించాల్సింది 50 డాలర్లు మించకూడదని కూడా చెప్పింది.

దొంగతనం సంగతి అట్లా తేలింది. ఇంకో తగువు మిగిలిపోయింది. కుర్చీ కొన్నావు, కార్డు గీకావు, కుర్చీ రాలేదు. బ్యాంకుని అడిగితే "కొట్టువాడితో చూసుకో, మా బాకీ మాకు కట్టు" అంటుంది. కొట్టువాడు "నాకు బ్యాంకు డబ్బిచ్చేసింది, నీకు నాకు ఏం లేదు" అంటాడు. పైగా అప్పుడప్పుడే కంప్యూటర్ బిల్లులు వస్తున్న కాలం. తప్పు బిల్లు సరిదిద్దమని ఉత్తరం రాస్తే జవాబుగా ఇంకో తప్పు బిల్లు వచ్చేది. (ఇందులో మన వృత్తివాళ్ళ పాత్ర ఉందని ఒప్పుకోక తప్పదు :)) 1974 అక్టోబరు 28న ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్ వచ్చింది, ఏడాది తర్వాత అమలైంది. బిల్లు పంపిన 60 రోజుల్లోగా కార్డుదారుడు బ్యాంకుకి ఉత్తరం రాస్తే చాలు. బ్యాంకు 30 రోజుల్లో అందిందని చెప్పాలి, రెండు బిల్లింగ్ సైకిళ్ళలో, ఎట్లా చూసినా 90 రోజులకి మించకుండా తేల్చాలి. ఈలోపు ఆ మొత్తం కట్టమని ఒత్తిడి చేయకూడదు. ఒప్పుకున్నట్టుగా అందని సరుకు, అందని సేవ రెండూ "బిల్లింగ్ పొరపాటు" కిందే లెక్క. అదే 1974లో బ్రిటన్ కూడా వినియోగదారుల రుణ చట్టంలో 75వ సెక్షను పెట్టి, కార్డిచ్చిన సంస్థని అమ్మినవాడితో పాటు బాధ్యుణ్ణి చేసింది.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన ముక్క ఇది. ఆ అమెరికా చట్టం కార్డుదారుడికీ అతని బ్యాంకుకీ మధ్య. అమ్మినవాడి మాట అందులో పెద్దగా లేదు. కానీ నష్టం బ్యాంకు ఎందుకు మోస్తుంది? కార్డు నెట్‌వర్క్ రూల్‌బుక్కుల ద్వారా అమ్మినవాడి బ్యాంకు మీదకి తోసింది. ఆ బ్యాంకు తన అగ్రిమెంటుతో అమ్మినవాడి మీదకి తోసింది. కార్డులు దేశాలు దాటాయి, వాటితో పాటే రూల్‌బుక్కూ దాటింది. అన్న ట్రైనింగ్ మొదలుపెట్టిన రోజు ఒక పేజీలో టిక్కు పెట్టి "అంగీకరిస్తున్నాను" నొక్కాడు. నాచారం మనిషి న్యూజెర్సీ కొనుగోలుదారుడి హక్కుకి జవాబుదారీ అయింది ఆ టిక్కుతోనే. మన పార్లమెంటులో దీని మీద చర్చ జరగలేదు, జరగాల్సిన అవసరమూ రాలేదు.

నాన్న లోకంలో చట్టం అమ్మినవాడి వైపు నిలబడి, కోర్టుకెళ్ళి తెచ్చుకోమంది. ఈ లోకంలో నియమం కొన్నవాడి వైపు నిలబడి ముందు డబ్బు లాగేసి, తర్వాత వాదించుకోమంటుంది. ఒకే ఇంట్లో రెండు తరాలు ఈ రెండిట్లో చెరొకదాన్నీ నమ్ముకుని వ్యాపారం చేశాయి. నాన్న బెంగ డబ్బు రాదేమోనని. అన్న బెంగ వచ్చిన డబ్బు ఉండదేమోనని.

పని జరిగే తీరు క్లుప్తంగా. కార్డుదారుడు తన బ్యాంకుకి ఫిర్యాదు చేస్తాడు. ఆ బ్యాంకు దానికో రీజన్ కోడ్ తగిలించి నెట్‌వర్క్‌కి పంపుతుంది. వీసాలో 10.4 అంటే ఎదురుగా లేని కార్డుతో జరిగిన మోసం, 13.1 అంటే సరుకో సేవో అందలేదు, 13.3 అంటే చెప్పినట్టు లేదు. అమ్మినవాడి ఖాతాలోంచి డబ్బు అప్పుడే కోత పడుతుంది, పైన ఫీజు. అమ్మినవాడు సాక్ష్యాలు పంపి ఎదురు వాదన చేయొచ్చు. గెలిస్తే డబ్బు తిరిగొస్తుంది, ఫీజు చాలాచోట్ల రాదు. గడువు చాలా కోడ్లకి 120 రోజులు. సేవల విషయంలో ఆ 120 సేవ అందాల్సిన ఆఖరి తేదీ నుంచి లెక్కపెట్టడం కూడా ఉంది, అప్పుడు కొన్న తేదీ నుంచి 540 రోజుల దాకా సాగొచ్చు. ఆర్నెల్ల కోర్సు అమ్మేవాళ్ళు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకుని చూడండి.

ఈ ఫిర్యాదుల్లో కొన్ని మన ఉప్పల్ రోడ్డు మీదే టైపయ్యేవి! హబ్సిగూడ దాటాక ఎన్‌జీఆర్‌ఐ ఎదురుగా జెన్‌ప్యాక్ట్ క్యాంపస్ అందరికీ తెలుసు. 1997లో జీఈ క్యాపిటల్ బ్యాక్ ఆఫీసు పనుల కోసం మొదలై 2005లో ఈ పేరు పెట్టుకున్న కంపెనీ అది. మా పక్కింటి అక్క అందులో కాదుగానీ, ఇంకో బీపీవోలో 2006 నుంచి ఆరేళ్ళు ఒక అమెరికన్ బ్యాంకు డిస్ప్యూట్ డెస్కులో రాత్రి షిఫ్టు చేసింది. ఈ గోలంతా చెప్తే నవ్వింది.

"మేం తీర్పు చెప్పేవాళ్ళం కాదు తమ్ముడూ. కస్టమర్ చెప్పిన కథకి ఏ కోడ్ సరిపోతుందో చూసి వేయడమే. అమ్మినవాడు మాకు కనిపించేదే పాతిక అక్షరాలు. అదీ సగం పేరు, సగం నంబర్లు. 'ఇదేంటో నాకు తెలీదు' అని కస్టమర్ అంటే నిజంగానే తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు."

ఆ పాతిక అక్షరాలు స్టేట్‌మెంట్‌లో వ్యాపారి పేరుకి ఉన్న చోటు. కార్డు మెసేజుల ఫార్మాట్ ఐఎస్ఓ 8583లో ఆ గడికి అంతే జాగా. పేమెంట్స్‌లో పనిచేసేవాళ్ళకి ఇది కొత్త కాదు. మిగతావాళ్ళు మీ స్టేట్‌మెంట్ తీసి చూడండి, కనీసం రెండు పేర్లు మీకూ అర్థం కావు. స్టూడెంటుకి అన్న పేరు తెలుసు, కోర్సు పేరు తెలుసు. స్టేట్‌మెంట్‌లో పడింది ఇంకేదో పేరు.

"మరి ఓటీపీ ఉంది కదా" అనొచ్చు మీరు. రిజర్వ్ బ్యాంకు 2009 ఫిబ్రవరిలో ఆదేశమిచ్చి, 2009 ఆగస్టు 1 నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకి రెండో ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. అప్పట్లో అందరూ తిట్టుకున్నారట, పేజీ తిరిగి తిరిగి ఆగిపోతోందని. అమ్మేవాళ్ళకి మాత్రం మేలు జరిగింది. ఆ మెట్టు దాటాక "నేను వాడలేదు" అనే మోసం నష్టం మామూలుగా కార్డిచ్చిన బ్యాంకు వైపు మళ్ళుతుంది. 2017 జులై 6 ఆదేశం కొన్నవాడి వైపునా రక్షణ పెంచింది. తన తప్పు లేకుండా మూడో మనిషి వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెబితే అతనికి నష్టం సున్నా. బాగానే ఉంది. కాకపోతే ఈ ఓటీపీ నియమం మన దేశపు కార్డులకి. న్యూజెర్సీ బ్యాంకు ఇచ్చిన కార్డుకి ఇది వర్తించదు. మన దేశపు కార్డైనా "నేనే కొన్నాను, కానీ సేవ బాగాలేదు" అనే ఫిర్యాదుకి ఓటీపీ ఏ జవాబూ కాదు. కట్టింది ఎవరన్నదే అది చెప్పగలదు.

విదేశీ డబ్బుకి ఇంకో చరిత్ర ఉంది. 2010 ఫిబ్రవరిలో పేపాల్ నుంచి ఇక్కడి బ్యాంకులకి డబ్బు తీసుకోవడం కొన్ని వారాలు ఆగిపోయింది. ఇంటి దగ్గర కూర్చుని వెబ్‌సైట్లు చేసి బతికేవాళ్ళు అప్పుడు ఎంత హడలిపోయారో ఆ నాటివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆ ఏడాది నవంబరు 16న రిజర్వ్ బ్యాంకు ఇట్లాంటి గేట్‌వేలకి నియమాలు పెట్టింది. ఒక ఎగుమతి చెల్లింపు 500 డాలర్లకి మించకూడదు. కొన్నవాడు అందిందని చెప్పిన 7 రోజుల్లో డబ్బు ఇండియా బ్యాంకు ఖాతాకి చేరాలి. 500 కాస్తా 2011 అక్టోబరులో 3,000, 2013 జూన్‌లో 10,000 అయింది. 7 రోజుల నియమం వెనక ఉద్దేశం మంచిదే, డాలర్లు బయట నిలవ ఉండకూడదని. అమ్మేవాడికి మాత్రం దీంతో ఒక చిక్కు. డబ్బు వారంలో ఇల్లు చేరుతుంది, ఈఎంఐకి పోతుంది. ఫిర్యాదు మూడో నెలలో వస్తుంది. గేట్‌వే ఖాతాలో అప్పటికి సున్నా, కాబట్టి మైనస్. అన్నకి జరిగింది అచ్చంగా ఇదే. తర్వాత చేరిన ఇద్దరు స్టూడెంట్ల ఫీజు నేరుగా ఆ గుంట పూడ్చడానికే పోయింది.

అన్న పోట్లాడాడు. 32 క్లాసుల్లో ఆ అబ్బాయి 27 విన్నాడు. లాగిన్ టైములు, రికార్డింగులు, "థ్యాంక్యూ అన్నా, మాక్ ఇంటర్వ్యూ బాగా ఉపయోగపడింది" అన్న మెసేజీ, అన్నీ పీడీఎఫ్ చేసి పంపాం. నేనే కూర్చుని అలైన్‌మెంట్ సరిచేశాను. వాళ్ళు వేసిన కోడ్ "చెప్పినట్టు లేదు". కోర్సు పేజీలో "ఉద్యోగం వచ్చేదాకా సపోర్ట్" అని ఒక లైనుంది. ఆ అబ్బాయికి ఉద్యోగం రాలేదు. ఆ లైను అన్న రాసింది కాదు, పక్క ఇన్‌స్టిట్యూట్ పేజీలోంచి అందరూ కాపీ కొట్టినట్టే కొట్టాడు. సంక్రాంతికి ఫలితం వచ్చింది, ఓడిపోయాం. అప్పటి రేటులో 37 వేల చిల్లర, పైన 20 డాలర్ల ఫీజు.

నాకు అన్న మీద జాలితో పాటు కోపం కూడా వచ్చింది. అతను చెప్పిన క్లాసులన్నీ నిజం, ఆ ఒక్క లైను మాత్రం అబద్ధం. పార్సిల్ అమ్మేవాడికి కొరియర్ సంతకం ఉంటుంది. చదువు, కన్సల్టింగు, డిజైను అమ్మేవాడికి సంతకం ఎవరు పెడతారు? ఏం అమ్మాడన్నది తేలేది అతను రాసుకున్న మాటల్లోనే. అందుకే ఆ మాటలే అతనికి ఎదురు తిరుగుతాయి.

నేను మాత్రం శుద్ధపూసనా అంటే కాదు. 2022లో ఒక విదేశీ హోస్టింగు సైటు నేను రద్దు చేశాక కూడా మూడు నెలలు డబ్బు గుంజింది. మెయిల్‌కి జవాబు లేదు. బ్యాంకు యాప్‌లో డిస్ప్యూట్ నొక్కాను, నెలన్నరలో డబ్బు వచ్చింది. ఎంత సంతోషమేసిందో! 1974లో ఆ చట్టం రాసినవాళ్ళకి మనసులో దండం పెట్టుకున్నాను. ఈ హక్కు తీసేయాలని నేనెప్పుడూ అనను. 2024 మే 16న మన ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్, గుజరాత్ మ్యాచ్ టాస్ కూడా పడకుండా వానకి పోయింది కదా, మర్నాడు మా ఆఫీసు క్యాంటీన్‌లో సగం మంది చర్చ ఇదే. టికెట్ నియమాలు చదవకముందే "బ్యాంకులో డిస్ప్యూట్ వేసేద్దామా" అని. ఇదీ మన తరం అలవాటు. నాన్న అయితే ముందు టికెట్ వెనక చిన్న అక్షరాలు చదివేవారు.

నెట్‌వర్కులు అమ్మేవాళ్ళని బొత్తిగా పట్టించుకోలేదని కూడా అనలేం. 2023 ఏప్రిల్‌లో వీసా ఒక నియమం తెచ్చింది. అదే కార్డుతో 120 నుంచి 365 రోజుల కింద జరిగి, తగువు పడని రెండు కొనుగోళ్ళు చూపించి, ఐపీ అడ్రసో డివైసో, ఇంకో వివరమో కలిసిందని నిరూపిస్తే "ఈ కొనుగోలు నాది కాదు" అనే 10.4 ఫిర్యాదు నిలవదు. నెల నెలా డబ్బు కట్టించుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీలకి ఇది వరం. ఒక్కసారి ఫీజు కట్టి ఒక్క కోర్సు చదివే స్టూడెంటుకి పాత కొనుగోళ్ళు ఎక్కడ ఉంటాయి? పైగా అన్నకి పడింది 13.3. అదే ఏడాది అక్టోబరు 31న రిజర్వ్ బ్యాంకు సరిహద్దు దాటే చెల్లింపుల అగ్రిగేటర్లని నేరుగా తన పర్యవేక్షణలోకి తెచ్చింది. రూల్‌బుక్కు మాత్రం ఇప్పటికీ నెట్‌వర్కుదే.

అన్న ట్రైనింగ్ మానలేదు. ఫీజు నాలుగు ముక్కలు చేశాడు, ఎనిమిది క్లాసులకి ఒకటి. ప్రతి ముక్క తర్వాత స్టూడెంటు "ఇంతవరకు అందింది" అని మెయిల్ పెడితేనే తర్వాతి లింకు. "ఉద్యోగం వచ్చేదాకా" తీసేశాడు. స్టేట్‌మెంట్‌లో ఏ పేరు పడుతుందో మొదటి క్లాసులోనే చెప్తున్నాడు. ఇద్దరు స్టూడెంట్లు ఈ షరతులు చూసి వేరేచోటికి పోయారు కూడా.

ఎక్సెల్ షీటు మాత్రం నాన్న సలహా. ఆయన చెక్కు వచ్చిన రోజు పుస్తకంలో పెన్సిలుతో రాసేవారు, బ్యాంకు క్లియర్ అన్నాకే దానిమీద పెన్ను. అన్న షీటులో వచ్చిన ప్రతి ఫీజూ పసుపు రంగులో ఉంటుంది, ఆఖరి క్లాసు నుంచి 120 రోజులు దాటాక రంగు తీసేస్తాడు. పోయిన ఆదివారం నాన్న కళ్ళజోడు పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుని పసుపు వరసలు లెక్కపెట్టారు. పదకొండు. "వీటిల్లోంచి పైస తియ్యకు" అని, రెండో వరసలో తేదీ ఒకరోజు తప్పు పడిందని చూపించారు.